యతి తప్పిన యంత్రం

మా మేనకోడలు ఎనిమిదో తరగతి. హన్మకొండలో మా ఇంటికీ అక్కావాళ్ళ ఇంటికీ రెండు వీధుల దూరం. బడి వదలగానే పిల్ల నేరుగా అమ్మమ్మ దగ్గరికే వస్తుంది. ఒకరోజు తెలుగు టీచర్ ఇంటిపని ఇచ్చారు: పోతన గజేంద్ర మోక్షంలో నుంచి, పాఠంలో లేని మత్తేభ పద్యం ఒకటి వెతికి, భావంతో సహా రాసుకుని రావాలి. అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పిల్ల ఫోన్ తీసి, ప్రశ్నలకు జవాబులిచ్చే ఏఐ యాప్ ఒకదాన్ని అడిగింది. పది సెకన్లు కూడా పట్టలేదు.

“అమ్మమ్మా, పద్యం దొరికింది!”

“సదువు బిడ్డా.”

చదివింది. చెవికి నిండుగానే ఉంది. కరి ఉంది, మకరి ఉంది, సరస్సు ఉంది, చివర శ్రీహరి కూడా ఉన్నాడు. సమాసాలు బరువుగా దొర్లుతున్నాయి. కింద భావం తప్పుల్లేకుండా, పద్ధతిగా ఉంది. కానీ అమ్మ ముప్పై ఏళ్ళు హైస్కూళ్ళలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. మొదటి పాదం పూర్తయ్యేసరికి చేతిలో కాయ ఆగింది. రెండో పాదానికి బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద నడవడం మొదలుపెట్టింది.

“ప్రాస ఏదే? రెండో అచ్చరం సూడు. ఒకదాంట్ల ‘ర’, ఒకదాంట్ల ‘క’, ఇంకోదాంట్ల ‘న్న’. గిట్ల పోతన రాస్తడా?”

పిల్ల అక్షరాలు లెక్కపెట్టింది. మత్తేభానికి పాదానికి 20 అక్షరాలుండాలి. మొదటి పాదంలో 17, రెండో దాంట్లో 22 వచ్చాయి. యతి పద్నాలుగో అక్షరం దగ్గర కలవాలి. ఎక్కడా కలవలేదు. “ఇది నిజంగా పోతనదేనా?” అని ఫోన్‌ను మళ్ళీ అడిగింది. అది క్షమించమని, పొరపాటు జరిగిందని, ఇదిగో అసలు పద్యమని ఇంకొకటి ఇచ్చింది. అదీ పోతనది కాదు. అసలు అది పద్యమే కాదు.

ఆ సాయంత్రం నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. పిల్లల చేతికి వస్తున్న ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ తడబడుతుందో తల్లిదండ్రులకు ఎవరూ విడమరిచి చెప్పడం లేదు. కొందరు దాన్ని సర్వజ్ఞుడంటారు, కొందరు దెయ్యమంటారు. దాన్ని అర్థం చేసుకోవడానికి మనం బడిలో చేసిన పని ఒకటి గుర్తు తెచ్చుకుంటే చాలు: ఖాళీలను పూరించడం.

“ఇంట గెలిచి ______ గెలువు” అని ఇస్తే ఏ పిల్లయినా “రచ్చ” అని రాస్తుంది. ఆలోచించి కాదు, ఆ రెండు మాటలూ జతగా వందసార్లు విన్నది కాబట్టి. చాట్ జీపీటీ, జెమినీ లాంటి వాటి వెనకున్న ‘భాషా నమూనా’ చేసేది అక్షరాలా ఈ పనే. కోట్ల పుటల పాఠాన్ని చూపించి, ప్రతిచోటా తర్వాతి మాటను దాచి, ‘ఇక్కడ ఏమొస్తుంది?’ అని అడుగుతారు. తప్పు చెబితే లోపలున్న అంకెలను ఇసుమంత సవరిస్తారు. మళ్ళీ అడుగుతారు. లెక్కకు అందనన్ని సార్లు ఇలా చేశాక మిగిలేది ఆ పుస్తకాల నిల్వ కాదు, వందల కోట్ల అంకెల దొంతర. ఏ మాట వెనక ఏ మాట రావడానికి ఎంత అవకాశం ఉందో చెప్పే దొంతర. మీరు ప్రశ్న అడిగితే, ఆ అంకెలను బట్టి ఒక ముక్క రాస్తుంది. రాసిన ముక్కను కూడా కలుపుకుని తర్వాతి ముక్క రాస్తుంది. జవాబంతా ఇలా ఒక్కో ఖాళీ నింపుకుంటూ వచ్చిందే. ఎక్కువ అవకాశం ఉన్న నాలుగైదు ముక్కల్లో ఒకదాన్ని చీటీ తీసినట్టు ఎంచుకుంటుంది కాబట్టే, అదే ప్రశ్న రెండుసార్లు అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి.

ఇంత మామూలు పనితో అంత తెలివైన మాటలు ఎలా వస్తాయన్న అనుమానం రావాల్సిందే. ఈ వాక్యం చూడండి: “భద్రకాళి చెరువు గట్టు మీద ఆడుకుంటున్న పిల్లను చూసి ముసలాయన ______.” ఖాళీలో “నవ్వాడు” రావాలి, “నవ్వింది” రాకూడదు. దగ్గర్లో పిల్ల ఉన్నా క్రియ ముసలాయనతో కలవాలి. తెలుగులో క్రియ చివర వస్తుంది, దాన్ని శాసించే కర్త కొన్నిసార్లు పది మాటల వెనక ఉంటుంది. అందుకని ఖాళీ నింపే ముందు వాక్యంలోని ప్రతి మాటనూ వెనక్కి తిరిగి చూసి, ఏ మాటకు ఎంత బరువివ్వాలో లెక్కగట్టాలి. 2017లో గూగుల్ పరిశోధకులు ఎనిమిది మంది కలిసి రాసిన ఒక పరిశోధన పత్రం ఈ బరువులు కట్టే పద్ధతినే ఆధారం చేసుకుని ‘ట్రాన్స్‌ఫార్మర్’ అనే నిర్మాణాన్ని ప్రతిపాదించింది. ఆ పత్రంలో మొదటి పేరు ఆశిష్ వాస్వానీది. ఇవాళ మన ఫోన్లలో మాట్లాడుతున్నవన్నీ దాదాపు ఆ కొమ్మకు కాసినవే. వ్యాకరణం ఎవరూ నేర్పకుండానే, ఖాళీలు నింపీ నింపీ అది వ్యాకరణాన్ని పట్టుకుంది. ఇది నిజంగా అబ్బురపడాల్సిన విషయం. తక్కువ చేసి చెప్పడం నాకిష్టం లేదు.

మరి వ్యాకరణం పట్టినది ప్రాస దగ్గర ఎందుకు బోల్తా పడింది?

ఎందుకంటే దానికి అక్షరాలు కనిపించవు. మన కంటికి ‘ఓరుగల్లు’ అంటే నాలుగు అక్షరాలు: ఓ, రు, గ, ల్లు. కంప్యూటర్ దాన్ని అలా దాచుకోదు. యూనికోడ్ అనే ప్రపంచ లిపుల పట్టికలో తెలుగుకు 128 గళ్ళు కేటాయించారు. అందులో ‘ల్లు’ అంటే ఒక గుర్తు కాదు. ల, పొల్లు, మళ్ళీ ల, ఆపైన ఉకారం, మొత్తం నాలుగు. ఓరుగల్లు మొత్తానికి ఎనిమిది గుర్తులు. ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటులో ఒదిగిపోతే తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు కావాలి. అంటే మా వరంగల్ పాత పేరు కంప్యూటర్‌లో 24 బైట్లు. భాషా నమూనా ఆ బైట్లను కూడా విడివిడిగా చదవదు. తరచూ పక్కపక్కన కనిపించే ముక్కలను అతికి, ఆ అతుకులకు మళ్ళీ అతుకులు వేసి, ‘టోకెన్’ అనే ముద్దలుగా చేసుకుంటుంది. 1994లో ఫిలిప్ గేజ్ అనే ప్రోగ్రామర్ ఫైళ్ళ సైజు తగ్గించడానికి రాసిన ఉపాయం ఇది. ముద్ద ఎక్కడ తెగుతుందో నిర్ణయించేది ఆ మాట ఎంత తరచుగా కనిపించిందన్న లెక్కే. గుణింతంతో దానికి పనిలేదు. ఇంగ్లీషు రాత కొండలా ఉంది కాబట్టి అక్కడ పూర్తి మాటలే ముద్దలయ్యాయి. తెలుగు రాత తక్కువ కాబట్టి మన అక్షరాలు మధ్యలో విరిగిపోయాయి.

ఎంత విరిగాయో ఓపెన్ ఏఐ సంస్థే ఒక ఉదాహరణ ఇచ్చింది. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు, ఒక చిన్న పలకరింపును ఇరవై భాషల్లో రాసి, పాత పద్ధతిలో ఎన్ని టోకెన్ ముక్కలయ్యేదో, కొత్త పద్ధతిలో ఎన్ని అవుతుందో చూపింది. పాత లెక్కలో ఇంగ్లీషుకు 27 ముక్కలైతే అదే మాట తెలుగులో చెప్పడానికి 159 పట్టింది. కొత్త లెక్కలో ఇంగ్లీషుకు 24, తెలుగుకు 45. ఇంత మెరుగుదల సంతోషమే. అయినా ఇంగ్లీషుకన్నా ఇప్పటికీ దాదాపు రెట్టింపు. కంపెనీలు ఈ సేవను ముక్కల లెక్కన అమ్ముతాయి. యంత్రం ఒక విడతలో గుర్తుంచుకోగలిగే హద్దు కూడా ముక్కల లెక్కనే. కాబట్టి తెలుగులో అడిగే పిల్లకు అదే తెలివి ఎక్కువ ఖరీదుకు, తక్కువ జ్ఞాపకంతో దొరుకుతూ వచ్చింది. ఇది పిల్ల తప్పు కాదు, భాష తప్పు అంతకన్నా కాదు.

ఇప్పుడు పద్యం సంగతికి వస్తే, ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం కలవడం. రెండో అక్షరమే కనిపించని యంత్రం దాన్ని ఎలా కలుపుతుంది? గణాలు కట్టాలంటే ఏది లఘువో ఏది గురువో తెలియాలి. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువవుతుందన్న సూత్రం అడిగితే ఆ యంత్రం గడగడా చెబుతుంది, ఆ సూత్రం గురించి రాసిన వ్యాసాలు చదివింది కాబట్టి. పద్యం అల్లేటప్పుడు మాత్రం దాన్ని పాటించలేకపోతుంది. ఈత గురించి పుస్తకం రాయడం వేరు, చెరువులో దిగడం వేరు. పోతన భాగవతం మొత్తం అంతర్జాలంలో ఉంది కదా, ఉన్నది ఉన్నట్టు ఎందుకు ఇవ్వలేదన్నది మా పిల్ల అడిగిన ప్రశ్న. మంచి ప్రశ్న. అది చదివినదాన్ని ఉన్నదున్నట్టు దాచుకోలేదు, చాలావరకు దాని ధోరణిని మాత్రమే దాచుకుంది. చిన్నప్పుడు విన్న పద్యం మాటలు మరిచిపోయి, రాగం మాత్రం గుర్తున్న మనిషిని ఊహించుకోండి. ఆయన్ను బలవంతంగా పాడమంటే రాగానికి సరిపోయే మాటలు తనే వేసి పాడేస్తాడు.

అదే కంప్యూటర్‌లో ఇంకో రకం తెలివి కూడా ఉంటుంది. మిరియాల దిలీప్ అనే తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ‘ఛందం’ అని ఒక ఉపకరణం తయారుచేశారు. పద్యం ఇస్తే గురులఘువులు గుర్తించి, గణాలు విడగొట్టి, ఏ వృత్తమో చెప్పి, యతి ఎక్కడ తప్పిందో ప్రాస ఎక్కడ పోయిందో చూపిస్తుంది. అది ఖాళీలు నింపదు. ఛందస్సు సూత్రాలను వరుసగా అమలు చేస్తుంది. నిజానికి ఛందస్సు కంప్యూటర్ కోసమే పుట్టిందా అన్నంత పొందికగా ఉంటుంది: లఘువు, గురువు రెండే గుర్తులు, మూడేసి చొప్పున పేరిస్తే 2×2×2, సరిగ్గా ఎనిమిది గణాలు. ‘యమాతారాజభానసలగం’ అని వల్లించే పిల్లలు తెలియకుండానే ద్విసంఖ్యామానం వల్లిస్తున్నారు. అమ్మ వేళ్ళ కణుపుల మీద చేసింది కూడా ఆ లెక్కే.

తప్పు చేయడం ఒక ఎత్తు, తప్పును అంత ధీమాగా చెప్పడం ఇంకో ఎత్తు. ఈ ధీమా ఎక్కడిదో వరంగల్‌లో ఇంటర్ చదివిన ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. మన ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో, పాత పేరు ఎంసెట్, ఇప్పటి పేరు ఈఏపీసెట్, నెగెటివ్ మార్కులు లేవు. కోచింగ్‌లో అందరికీ చెప్పేదొకటే: తెలియకపోయినా ఏదో ఒకటి పెట్టిరా, ఖాళీ మాత్రం వదలకు. 2025 సెప్టెంబరులో ఓపెన్ ఏఐ పరిశోధకులు ఒక పత్రంలో చెప్పిన కారణం ఇదే. ఈ నమూనాలకు పెట్టే పరీక్షల్లో చాలావాటిలో ‘నాకు తెలియదు’ అన్నదానికి సున్న, గుడ్డిగా కొట్టినది తగిలితే మార్కు. అలాంటి పరీక్షల్లో ర్యాంకు కోసం తయారైనది ఊహించడమే నేర్చుకుంటుంది. జేఈఈ మెయిన్స్‌లోలా తప్పుకు ఒక మార్కు కోస్తే పిల్లలు ఎలా ఆచితూచి పెడతారో, యంత్రాలకూ అలాంటి పరీక్షలు కావాలన్నది వాళ్ళ వాదన సారం. నాకది సబబుగానే తోచింది.

మన ఊరి చరిత్ర అడిగి చూడండి, ఈ ధీమా ఇంకా బాగా కనిపిస్తుంది. వేయిస్తంభాల గుడి కట్టించింది కాకతీయ రాజు రుద్రదేవుడు, 1163లో. పాలంపేటలో రామప్ప గుడి కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, 1213లో. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది ఈ రెండోది. రామప్ప గుడి కట్టిన కొన్ని దశాబ్దాలకు గద్దెనెక్కింది రుద్రమదేవి. ముగ్గురి పేర్లలోనూ ‘రుద్ర’ ఉంది, ముగ్గురి పక్కనా ‘కాకతీయ’, ‘గుడి’, ‘ఓరుగల్లు’ అన్న మాటలే ఉంటాయి. పక్కపక్క మాటల లెక్కతో బతికే యంత్రానికి ఇంతకన్నా చిక్కు ప్రశ్న ఉండదు. మా ఇంట్లో అడిగితే ఒకసారి వేయిస్తంభాల గుడిని రేచర్ల రుద్రుడికి ఇచ్చేసింది. ఇంకోసారి యునెస్కో గుర్తింపును పాలంపేట నుంచి హన్మకొండకు తెచ్చింది. హన్మకొండకు వచ్చిందంటే నాకు సంతోషమే, కానీ నిజం కాదు.

తప్పు కానిచోట కూడా ఇంకో చిక్కుంది. పోతన ఊరేదని అడిగితే ఒకే వాక్యంలో తేల్చేస్తుంది. కవి చెప్పిన ఏకశిలానగరం ఓరుగల్లేనని, ఆయన ఊరు పాలకుర్తి దగ్గరి బమ్మెర అని మేమంటాం. కాదు, కడప జిల్లా ఒంటిమిట్ట అని వాదించినవాళ్ళూ ఉన్నారు. దీనిమీద పండితులు ఏళ్ళతరబడి పోట్లాడుకున్నారు. ఆ పోట్లాటలోనే పిల్లలు నేర్చుకోవాల్సింది ఎంతో ఉంది: ఏ పద్యంలోని ఏ మాటను ఎవరు ఆధారం చేసుకున్నారు, శాసనం ఏమంటోంది, స్థలపురాణం ఏమంటోంది. ఒక్క వాక్యపు జవాబు ఆ దారినంతా మూసేస్తుంది.

బళ్ళలోకి ఇది వచ్చేసింది, ఆగేది కాదు. సీబీఎస్ఈ 2019లోనే తొమ్మిదో తరగతి నుంచి కృత్రిమ మేధను ఐచ్ఛిక సబ్జెక్టుగా పెట్టింది. 2026-27 నుంచి మూడో తరగతి నుంచే మొదలుపెడతామని కేంద్ర విద్యాశాఖ 2025 అక్టోబరులో ప్రకటించింది. తెలంగాణ ప్రభుత్వం 2025లో ఎక్‌స్టెప్ ఫౌండేషన్ సాయంతో కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చదవడం, లెక్కలు నేర్పడానికి ఏఐ పాఠాలు ప్రారంభించింది. ఇక్కడ తల్లిదండ్రులు ఒక తేడా గమనించాలి. ఏఐ అన్న ఒక్క మాట కింద వేర్వేరు సరుకులు అమ్ముతున్నారు. పిల్ల తీసివేతలో అప్పు తెచ్చుకోవడం దగ్గర తప్పుతోందని గుర్తించి, అదే రకం తేలిక లెక్కలు ముందుపెట్టేది ఒక రకం. అది తయారుగా ఉన్న ప్రశ్నల్లోంచి ఎంచుతుంది, కథలు అల్లదు. ‘ఛందం’లా సూత్రం ప్రకారం నడిచేది ఇంకో రకం. ఖాళీలు నింపే చాట్‌బాట్ మూడో రకం. స్కూలు కరపత్రం మీద ‘ఏఐ ఆధారిత విద్య’ అని చూసినప్పుడు ఇందులో ఏది అని అడగండి. చెప్పలేకపోతే వాళ్ళకూ తెలియదన్నమాట.

మూడో రకం పిల్ల చేతికిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన హంస బాస్తానీ, ఆమె సహచరులు తుర్కియేలో ఒక హైస్కూల్లో సుమారు వెయ్యిమంది పిల్లలతో ప్రయోగం చేశారు. 2025లో అది అచ్చయింది. పాఠం లెక్కలు. ఒక జట్టుకు మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. ఇంకో జట్టుకు, జవాబు చెప్పకుండా టీచర్లు రాసిన సూచనలను బట్టి మెట్టు మెట్టుగా దారి చూపేలా మార్చిన చాట్‌బాట్ ఇచ్చారు. మూడో జట్టుకు పుస్తకం, నోట్సు మాత్రమే. సాధన చేసేటప్పుడు మూడో జట్టుకన్నా మొదటి జట్టు మార్కులు 48 శాతం, రెండో జట్టువి 127 శాతం ఎక్కువ వచ్చాయి. తర్వాత యంత్రం తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌బాట్ వాడినవాళ్ళు, అసలేదీ వాడనివాళ్ళకన్నా 17 శాతం వెనకబడ్డారు. సూచనలు మాత్రమే అందుకున్న జట్టుకు ఆ దెబ్బ చాలావరకు తప్పింది. నన్ను ఆలోచనలో పడేసింది ఇంకోటి: వెనకబడినవాళ్ళకు తాము వెనకబడ్డామన్న సంగతి తెలియలేదు. పక్కవాడి నోట్సు చూసి రాసిన పిల్లాడు కూడా లెక్క తనకొచ్చేసిందనే అనుకుంటాడు.

అక్క ఇంట్లో ఇప్పుడు పద్ధతి మారింది. లెక్క ముందు నోట్సులో చేయాలి, చిక్కుకున్న మెట్టు దగ్గర గీత గీయాలి. ఫోన్‌ను అడిగేటప్పుడు “జవాబు చెప్పకు, నేను ఈ మెట్టు దగ్గర ఆగాను, ఒక్క సూచన ఇవ్వు” అని అడగాలి. అడిగిన తీరును బట్టి ఖాళీలు నింపుతుంది కాబట్టి ఇలా అడిగితే దాని ధోరణే మారిపోతుంది. ఫోన్ మీద పిల్ల ఒక్కతే కూర్చోదు. అమ్మో నాన్నో పక్కన ఉంటారు. మాకు తెలియని పాఠమైనా ఫరవాలేదు. “నీకెట్ల తెలిసింది?” అని అడగడానికి చదువు అక్కర్లేదు.

అమ్మకు మాత్రం ఈ యంత్రంతో వేరే పేచీ. ఆమె కళ్ళు సరిగా కనిపించక నోటితో చెప్పి మెసేజ్ పెట్టబోయింది. “తొవ్వల ఉన్నం” అంది. అది “తవ్వాలి ఉన్నాం” అని రాసింది. రెండోసారి ఇంకేదో రాసింది. చివరికి అమ్మ పాఠం చెప్పే గొంతు తెచ్చుకుని “దారిలో ఉన్నాము” అంటే తప్పులేకుండా పడింది. హన్మకొండలోనే బతికిన కాళోజీ నారాయణరావు జీవితమంతా కొట్లాడింది జనం మాట్లాడే తెలుగుకు గౌరవం దక్కాలనే. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. ఆ ఊళ్ళోనే ఒక ముసలి టీచర్ ఫోన్ కోసం తన మాట మార్చుకోవాల్సి రావడం నాకు కష్టంగా అనిపించింది.

కారణం మళ్ళీ పాత లెక్కే. యంత్రం ఏది ఎక్కువ విన్నదో దాన్నే వింటుంది. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు దేశంలో 8 కోట్లకు పైనే. కానీ వికీపీడియాలో ఇంగ్లీషు వ్యాసాలు 70 లక్షలకు పైగా ఉంటే తెలుగువి లక్ష చిల్లర. ఈ కరువు తీర్చే పని జరుగుతోంది. ఐఐటీ మద్రాసులోని ‘ఏఐ4భారత్’ బృందం 22 భాషల్లో జనం మాటలు ఊరూరా రికార్డు చేసి అందరికీ అందుబాటులో పెట్టింది. కేంద్ర ప్రభుత్వపు ‘భాషిణి’ 2022లో మొదలైంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ, వేలమంది ఇంజనీరింగ్ విద్యార్థులను కూడగట్టి తెలుగు కథలను పుటలు పుటలుగా టైపు చేయించి, ‘చందమామ కథలు’ పేరుతో ఒక చిన్న తెలుగు నమూనా తయారుచేసింది. ఇవి పెద్ద కంపెనీల యంత్రాలంత గడుసువి కాకపోవచ్చు. కానీ తొవ్వ అంటే ఏమిటో వాటికి తెలియాలంటే తొవ్వ అనే మనిషి గొంతు ఎక్కడో ఒకచోట చేరాలి. అమ్మలాంటి వాళ్ళ గొంతు.

గొంతు అనగానే జాగ్రత్త గురించి కొంత చెప్పక తప్పదు. కొద్ది సెకన్ల రికార్డింగు దొరికితే ఆ మనిషిలా మాట్లాడించే పనిముట్లు ఇప్పుడు ఎవరికైనా దొరుకుతాయి. “నాన్నా, యాక్సిడెంటయింది, పైసలు పంపు” అని పిల్ల గొంతుతోనే ఫోన్ రావచ్చు. ఇంట్లోవాళ్ళకు మాత్రమే తెలిసిన ఒక గుర్తుమాట పెట్టుకోండి. మోసపోయామని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయండి. పిల్లల మార్కుల మెమో, ఆధార్, ఐడీ కార్డు ఫొటోలు ఏ యాప్‌లోనూ పెట్టనివ్వకండి. చాట్ జీపీటీ నిబంధనల ప్రకారమే 13 ఏళ్ళలోపు వాళ్ళు వాడకూడదు, 18 దాకా తల్లిదండ్రుల అనుమతి కావాలి. 2023లో వచ్చిన మన డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. స్కూలువాళ్ళు ఏదైనా యాప్ పెట్టుకోమంటే, వివరాలు ఎవరి దగ్గర ఉంటాయని రాతపూర్వకంగా అడగండి.

పద్యం సంగతి తేలాక ఒక ఆదివారం ముగ్గురం వేయిస్తంభాల గుడికి వెళ్ళాం. యంత్రం కట్టించినవాణ్ణి మార్చేసింది కదా, మరి 1163 అన్నది మాత్రం ఎవరు చెప్పారని పిల్ల పట్టుబట్టింది. రాయి చెప్పింది. గుడి ఆవరణలో రుద్రదేవుడి శాసనం ఉంది. భాష సంస్కృతం, లిపి తెలుగు-కన్నడం. అక్షరాలు మాకు చదవడం రాలేదు. కానీ పండితులు చదివి అచ్చువేసిన తేదీ నేను కాగితం మీద రాసుకుని వెళ్ళాను: శక సంవత్సరం 1084, చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి.

“శకానికి 78 కలపాలె కద మామా? 1162 అయితంది. తప్పు!”

తప్పు కాదు. శక సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది. మాఘమాసం వచ్చేసరికి ఇంగ్లీషు క్యాలెండరులో జనవరి ఒకటి దాటిపోతుంది, కాబట్టి అక్కడ 79 కలపాలి. 1163 జనవరి. పిల్ల కాసేపు వేళ్ళు మడిచి తెరిచి ఒప్పుకుంది. కానీ వదల్లేదు. సంవత్సరం పేరు కూడా సరిపోవాలి కదా అంది. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుందని అమ్మమ్మ చెప్పింది.

“చిత్రభాను అంటే మీ పెద్దమ్మ పెండ్లి అయిన ఏడే బిడ్డా.”

“అంటే 2002.”

గుడి మెట్ల మీద కూర్చుని, కాగితం వెనకవైపు 2002లోంచి 1162 తీసేసింది. 840. దాన్ని 60తో భాగించింది. పద్నాలుగు. శేషం సున్న.